పొయ్యి ఎక్కని జామ్

మా అక్క ఆర్లిస్ లెక్కలో ఆడవాళ్లు రెండు రకాలు. జామ్‌ను ఫ్రీజర్‌లో దాచేవాళ్లు, అలమరలో దాచేవాళ్లు. రెండో రకాన్ని ఆమె మనుషుల్లో కలిపేది కాదు. చర్చి బజారులో ఎవరైనా ముదురు రంగు స్ట్రాబెర్రీ జామ్ సీసా బల్ల మీద పెడితే, దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, ఇది తినేదా, రోడ్డుకు పోసే తారా అని నా చెవిలో అడిగేది. నా చెవిలో అడిగిన మాట ఆ బల్ల చివర కూర్చున్నవాళ్లకు కూడా వినిపించేది. అక్క గుసగుస అలాంటిది.

మా లోయలో జూన్ వస్తే హుడ్ స్ట్రాబెర్రీలు వస్తాయి. వచ్చాయని సంతోషపడేలోపు వెళ్లిపోతాయి. తొడిమ తీస్తే నడిమధ్య దాకా ఎరుపు. ఈరోజు కోసిన పండు రేపటికి నీరు కారుతుంది, ఎల్లుండికి బూజు పడుతుంది. అందుకే పెద్ద దుకాణాలవాళ్లు వాటి జోలికి పోరు. రోడ్డు పక్క గుడారాల్లో అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతుంటే మేమే ఎండలో వరస కడతాం.

ఆ రుచిని ఏడాది పొడవునా దాచుకోవడానికి మా అమ్మ మాకు నేర్పిన దారి ఒక్కటే. పళ్లను పప్పుగుత్తితో మెదిపి పంచదార కలపాలి. పెక్టిన్ అని గడ్డకట్టించే పొడి ఒకటి ఉంటుంది, దాన్ని వేరే చిన్న గిన్నెలో నీళ్లతో పొయ్యి మీద కాసేపు పొంగనిచ్చి ఆ పళ్లలో పోయాలి. పంచదార పలుకు నాలుకకు తగలనంత వరకు కలిపి, డబ్బాల్లో నింపి, మర్నాటి దాకా బల్ల మీద కదపకుండా వదిలేయాలి. గడ్డకట్టాక ఫ్రీజర్‌లో పడేయడమే. పండు మాత్రం పొయ్యి ముఖం చూడదు. జనవరిలో మూత తీసినా జూన్ వాసనే వస్తుంది.

పంచదార విషయంలో అక్కకు దయాదాక్షిణ్యాలు లేవు. మెదిపిన పండు ఎంతో దానికి రెట్టింపు పంచదార పడాలి. కొలత గిన్నె నింపి, పైన కత్తి వీపుతో గీసి చదును చేసి మరీ పోసేది. ఒక ఏడు నేను ఆరోగ్యం పేరు చెప్పి సగం గిన్నె తగ్గించాను. జామ్ గడ్డకట్టలేదు. టోస్టు మీద నుంచి చొక్కాల మీదకు కారింది. అప్పటి నుంచి మా ఇళ్లలో పలచగా కనిపించిన ప్రతిదాన్నీ నా పేరు కలిపి మావిస్ సూపు అనడం స్థిరపడిపోయింది. నా పెళ్లి చెడినప్పుడు కూడా మా వాళ్లు నన్ను అంతగా ఏడిపించలేదు.

మా బావ మెర్ల్‌ది గడ్డి విత్తనాల సేద్యం. మాకు జామ్ రోజులు ఎప్పుడో ఆయనకు కోత రోజులు అప్పుడే. మధ్యలో కాఫీకని దుమ్ము కొట్టుకుని లోపలికొస్తే, పొయ్యి మీద చిన్న గిన్నెలో ఏదో పొంగుతూ కనిపించేది, బల్ల మీద ఎర్రటి డబ్బాలు కనిపించేవి. మధ్యలో ఏం జరుగుతుందో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. వంటిల్లు అక్కది, పొలం ఆయనది. వాళ్ల కాపురం అంతా ఆ గీతకు అటూ ఇటూ సజావుగా నడిచింది. ఆయన జామ్ తిన్నంతగా ఈ లోయలో ఇంకెవరూ తిని ఉండరు, అది వేరే సంగతి.

పోయిన చలికాలంలో అక్కకు రక్తంలో జబ్బు బయటపడింది. దానికిచ్చే మందు జబ్బుతో పాటు ఒంటిని కాపాడే తెల్ల కణాలను కూడా ఊడ్చేస్తుందట. అవి మళ్లీ పుట్టేదాకా గాలి తగిలినా భయమే. మొదటి విడత మందు ఎక్కించి ఇంటికి పంపేటప్పుడు నర్సు జాగ్రత్తలు చెప్పింది. అక్క అప్పుడు వాంతులతో సొలసి పడుకుని ఉంది. నేను స్కూలు బస్సు నడుపుతున్నాను. విన్నది మెర్ల్ బావ ఒక్కడే.

విన్నవాడు విన్నట్టు ఊరుకుంటేనా. నాకు తెలిసి ఆ మనిషి నీళ్లు మరగబెట్టడం కూడా అప్పుడే నేర్చుకున్నాడు. పచ్చిది ఏదీ ఇంట్లోకి రాకూడదన్నాడు. పళ్లు వద్దు, ఆకులు వద్దు, గుడ్డు రాయిలా ఉడకాలి, మాంసం రెండుసార్లు కాలాలి. క్యారెట్లను రబ్బరు అయ్యేదాకా ఉడికించేవాడు. నేను పెరట్లో పండించిన లెట్యూస్ ఆకు తీసుకెళితే గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టి, బుట్టతో సహా తీసుకుని వెనక్కు వెళ్లి కోళ్లకు పోసేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపినదాన్ని, పిల్లల గోల మీద నా గొంతే వినపడాలి కదా, నాకు నోరు ఎక్కువ. ఏం ఇన్‌స్పెక్టరు గారూ, నా చేతులు కూడా ఉడికించుకుని రానా అని అడిగాను. సబ్బు అక్కడుంది అని చూపించాడు, నవ్వలేదు.

ఇంత చేసినా అక్క తినేది కాదు. చెంచా నోటిదాకా వెళ్లి వెనక్కు వచ్చేది. ఎత్తరి మనిషి, చర్చి వంటింట్లో నాలుగు పళ్లేలు ఒకే చేతి మీద మోసిన మనిషి, దిండు మీద పిల్లలా కనిపించడం మొదలైంది. ఒంట్లో కొంచెమైనా బలం చేరకపోతే తర్వాతి విడత మందు ఇవ్వలేమని డాక్టరు చెప్పేశాడు. మందు ఆగితే జబ్బు ఆగదని ఆయన చెప్పకపోయినా మాకు తెలుసు. కాబట్టి ఆ ఇంట్లో మిగిలిన పని ఒక్కటే, ఆమె చేత తినిపించడం. సాయంత్రం బస్సు దిగి నేను వెళ్లేసరికి బావ సింకు ముందు నిలబడి, ముట్టుకోని పళ్లెం కడుగుతూ ఉండేవాడు.

మే నెల చివర ఒక పొద్దున ఆయన నాకు ఫోన్ చేశాడు. తింటోంది మావిస్ అన్నాడు. ఏం తింటోంది అంటే టోస్టు అన్నాడు. రెండు ముక్కలూ తినేసిందట, పళ్లెంలో పొడి కూడా మిగల్చలేదట. ఏం మాయ చేశావు బావా అంటే, అది నా విద్య, నీకెందుకు చెబుతాను అన్నాడు. ఆ గొంతులో హుషారు విని ఎన్నాళ్లయిందో. వెన్న కాస్త దండిగా రాసి ఉంటాడులే అనుకున్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే టోస్టు తింటోందని, బుగ్గల్లో రంగు కూడా వస్తోందని చెబుతుండేవాడు. నేను వెళ్లేసరికి ఆమె నిద్రలో ఉండేది. రంగు నాకు కనిపించలేదు గానీ, ఆయనకు కనిపిస్తోందిలే అని ఊరుకున్నాను.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. రక్తంలోకి ఏదో క్రిమి చేరిందన్నారు. దానితో పోరాడటానికి ఆమె ఒంట్లో ఒక్క సైనికుడూ లేడన్నారు. నరంలోంచి మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. పచ్చివి ఏమైనా తిందా అని డాక్టరు అడిగాడు. నా ఇంట్లో పచ్చిది గడప దాటదు అని బావ చెప్పి, సాక్షిని చూసినట్టు నా వైపు చూశాడు. నా లెట్యూస్ గుర్తొచ్చి నేను గట్టిగా తల ఊపాను. ఆ క్షణంలో మా బావను చూస్తే నాకు గర్వంగా కూడా అనిపించింది.

జ్వరం దిగేది, ఎక్కేది. మేం వంతులు వేసుకుని ఆమె పక్కన కూర్చునేవాళ్లం. అంతలో హుడ్ పళ్లు వచ్చేశాయి. అవి ఎవరి కోసమూ ఆగవు కదా. ఒకరోజు పొద్దున్నే బావ ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. వెనకాల నాలుగు అట్టపెట్టెల నిండా పళ్లు. కోతను పక్క పొలం అతనికి అప్పజెప్పాడట. అక్క తిరిగొచ్చేసరికి ఫ్రీజర్ నిండుగా ఉండాలి, నాకు నేర్పు అన్నాడు. నలభై ఏళ్లు లేనిది ఇప్పుడెందుకు అని వెటకారం నాలిక చివరి దాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

అక్క వంటింట్లో ఇద్దరం నిలబడ్డాం. అక్క ఏప్రను ఆయన నడుముకు సరిపోక ముడి పడలేదు. తొడిమలు తీయమంటే సగం పండు కూడా తీసేస్తున్నాడు. చెంచా మొనతో తీయాలని చూపించాను. పళ్లు మెదపడం మాత్రం ఆ చేతులకు బాగా వచ్చింది. ముద్ద చేయకు, ముక్కలు తగలాలి అని చెప్పాను. పంచదార కొలిచేటప్పుడు కత్తి వీపుతో గీయించాను. ఇంత పంచదారా అని ఆయన నోరు తెరిస్తే, ఒక్క చెంచా తగ్గినా నీ పెళ్లాం ఊరుకోదని, సూపు కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నవ్వాడు. ఆసుపత్రికి వెళ్లినప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. పళ్లు పంచదారను పీల్చుకుని, పెద్ద గిన్నెలో ఎర్రగా మెరుస్తున్నాయి. ఇల్లంతా ఆ వాసన. అక్క పక్క గదిలోనే ఉన్నట్టు అనిపించింది నాకు.

"ఇప్పుడు పొయ్యి మీద పెట్టేయాలా?" అన్నాడు బావ.

పెక్టిన్ సంగతి అడుగుతున్నాడనుకుని, ఆ చిన్న గిన్నె పెట్టు చాలు అన్నాను.

"అది కాదు. పళ్లు. పళ్లను ఎప్పుడు ఉడికించాలి?"

"పళ్లను ఉడికించడమేంటి బావా. ఉడికిస్తే అక్క నిన్ను కోళ్ల గూట్లో పడుకోబెడుతుంది."

ఆయన గుత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. గుత్తి నుంచి ఎర్రటి రసం నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది. తుడవమని చెప్పబోయి ఆయన మొహం చూశాను.

"ఎప్పుడూ ఉడికించరా?"

"ఎప్పుడూ."

"పోయినేడువి కూడా?"

"మా అమ్మ కాలం నుంచీ ఇంతే. అసలు సంగతే అది కదా. ఫ్రీజర్ జామ్ అంటే మరేంటనుకున్నావు?"

ఫ్రీజర్‌లో పెట్టేది అనుకున్నానన్నాడు. అని, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. ఉడకని పళ్లు వద్దని నర్సు చెప్పినప్పుడు, మరి పళ్లంటే ప్రాణం పెట్టే మనిషికి ఏం పెట్టమంటారని ఆయన అడిగాడట. టిన్నులో వచ్చేవి పెట్టొచ్చు, జామ్ పెట్టొచ్చు అని ఆవిడ చెప్పిందట. ఆవిడ తప్పేం చెప్పలేదు. ఆవిడకు తెలిసిన జామ్ గంటసేపు కుతకుత ఉడికి సీసాలోకి వెళ్లే జామ్. మా ఇంట్లో జామ్ అంటే ఇది. బావ ఫ్రీజర్‌లో అడుగున ఉన్న పోయినేటి డబ్బాలు ఒక్కొక్కటే తీసి, టోస్టు మీద మందంగా పరిచి, మే నెల చివర నుంచి రోజూ అక్కకు పెట్టాడు. అదీ ఆయన విద్య. నా లెట్యూస్‌ను కోళ్లకు పోసిన చేత్తోనే పెట్టాడు.

ఫ్రీజర్‌లో చలికి క్రిములు చస్తాయి కదా అని ఆయన అడిగాడు. చస్తాయేమో బావా అన్నాను. చావవని నాకు తెలుసు. చలికి అవి పడుకుంటాయి, అంతే. నా మొహం చూసి అది ఆయనకూ అర్థమైంది. ఏప్రను విప్పి కుర్చీ మీద వేసి ట్రక్కు తాళాలు తీసుకున్నాడు. ఆ స్థితిలో ఆయన్ను నడపనివ్వకుండా తాళాలు లాక్కుని నేనే నడిపాను. దారంతా ఆయన కిటికీలోంచి ఎవరెవరి పొలాలు కోతకొచ్చాయో చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఒక్క పొలమూ చూడలేదని నాకు తెలుసు.

ఆసుపత్రిలో వార్డు నర్సును పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాం. చెప్పింది నేను. బావ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది. డాక్టరుకు చెబుతానన్నది. ఇలాంటి జ్వరాలు చాలాసార్లు మనిషి పేగుల్లో ముందే ఉన్న క్రిముల వల్లే వస్తాయని, బయట నుంచి వచ్చిందో లోపల నుంచి వచ్చిందో తేల్చడం కష్టమని చెప్పింది. ఎలా వచ్చినా వాళ్లిచ్చే మందు ఇదేనట.

"అంటే నా వల్ల కాదని చెప్పగలరా?" అని బావ అడిగాడు.

"చెప్పలేనండి."

"నా వల్లే అని?"

"అదీ చెప్పలేను."

ఆవిడ మంచిది. ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం నిలబడి తన పని మీద వెళ్లిపోయింది. నాకు ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. ఎవరో ఒకరి మీద కోపం వస్తే ఆ రోజు నాకు కాస్త ఊపిరాడేది. మొదట చెప్పిన నర్సు సరిగ్గానే చెప్పింది. బావ చెప్పింది చెప్పినట్టు చేశాడు. అడిగితే నేను చెప్పేదాన్నే, కానీ టోస్టు మీద ఏముందని నేను అడగలేదు, అదొక అడగాల్సిన సంగతని ఎవరికి తడుతుంది? ఎటు తిరిగినా తిట్టడానికి ఒక్క మనిషి దొరకలేదు.

లోపల అక్క మెలకువగా ఉంది. జ్వరం దిగిన పూట అది. బావ మంచం పక్కన కూర్చుని, నేలను చూస్తూ, జరిగింది చెప్పాడు. నీకు పచ్చిది పెట్టాను ఆర్లిస్, నాకు తెలియక పెట్టాను అన్నాడు.

"ఆ జామ్ చేసిందెవరు మెర్ల్?"

"నువ్వే."

"మరి అది పచ్చిదని నాకు తెలియదా? నాకు తినాలనిపించింది, తిన్నాను. చెబితే నువ్వు పెట్టవని చెప్పలేదు. నా ఆశ అది. నీకేం సంబంధం లేదు."

బావ తల ఎత్తాడు. తిట్టాలో, ఏడవాలో, ఊపిరి పీల్చుకోవాలో తెలియక ఆ మొహం మూడు రకాలుగా అయింది. చివరకు టోపీతో కళ్లు తుడుచుకుని, నువ్వు మొండిదానివి అన్నాడు. అవునన్నది అక్క. నోరెండుతోంది, ఐసు ముక్కలు తెచ్చిపెట్టమంది. ఆయన గ్లాసు పట్టుకుని వెళ్లాడు. నడుము కొంచెం నిలబడినట్టు కనిపించింది.

ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యాక నేను మొదలుపెట్టాను. ఇంత తెలిసినదానివి, నోటికి తాళం వేసుకోలేకపోయావా, ప్రాణం కంటే జామ్ ఎక్కువైందా అని అడిగాను. అరవకూడదు కాబట్టి పళ్లు బిగించి అడిగాను.

"జామ్ రుచి ఎవరికి తెలిసిందే," అన్నది అక్క. "ఫిబ్రవరి నుంచీ నాకు ఏ రుచీ లేదు. ఏం పెట్టినా ఇనుప మేకు నోట్లో పెట్టుకున్నట్టే ఉంటుంది."

"మరెందుకు తిన్నావు?"

"టోస్టు అంచులు తీసేసి, త్రికోణాలుగా కోసి, పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడే. నీ జామ్ కదా, ఇది తింటావులే అన్నాడు. చలికాలమంతా ఆ మొహం ఎలా ఉందో నువ్వూ చూశావుగా. ఆ పూట వెలిగిపోతోంది. అది పచ్చిది, పట్టుకుపో అని నేనెలా అనేది? అంటే మళ్లీ ఈ జన్మలో నాకు మంచినీళ్లు పెట్టడానికి కూడా భయపడతాడు."

ఒక్కరోజు తింటే ఊరుకుంటాడనుకుందట. మర్నాడు ఇంకా మందంగా రాసుకొచ్చాడట.

"ఆయనకు చెప్పకు మావిస్. నా ఆశ అనుకోనీ."

సరేనన్నాను. బావ ఐసు ముక్కలతో తిరిగొచ్చాడు. నేను బయటికి వెళ్లి ట్రక్కులో కూర్చుని, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన ఆమె కోసం పెట్టాడు, ఆమె ఆయన కోసం తిన్నది, ఇద్దరిలో ఎవరికీ దాని రుచి దక్కలేదు. నేనేమో అన్నీ తెలుసుకుని, ఏదీ చేయడానికి లేకుండా కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి పెద్ద గిన్నెలో పళ్లు అలాగే ఉన్నాయి. పైన నురగ కట్టి, పంచదార నీరంతా తేరి ఉంది. పెక్టిన్ పొడి పొట్లం విప్పకుండా పక్కనే ఉంది. పారబోసేస్తాను బావా అన్నాను. ఆయన నా చేతిలోంచి గిన్నె తీసుకుని, అక్క ఎముకల పులుసు కాచే పెద్ద డేగిసాలో ఒంపి పొయ్యి వెలిగించాడు.

బయట ఎండ మండిపోతోంది. కిటికీలు తెరిచినా వంటింట్లో నిలబడలేకపోయాం. ఆయన మాత్రం కదలకుండా కలుపుతూనే ఉన్నాడు. పండు పొంగింది, నురగ తన్నింది, ఎరుపు తగ్గింది. చాలు బావా అన్నాను. ఇంకాస్త అన్నాడు. పంచదార మాడే వాసన మొదలైంది. గరిట కింద పెట్టమన్నాను. ఇంకాస్త ఉడకనీ అన్నాడు. సీసాలను, మూతలను, చెంచాలను, చివరకు గరాటును కూడా మరిగే నీళ్లలో వేశాడు. జామ్ నల్లగా, జిగటగా, గరిటను వదలకుండా తయారైంది. చర్చి బజారు బల్ల మీద కనిపిస్తే అక్క వెలుతురుకు పట్టి చూసే జామ్ అచ్చం అదే. మిగిలిన పెట్టెల్లో పళ్లు ఆ సాయంత్రానికి మెత్తబడి చీమలు పట్టాయి. వాటిని చూసే ఓపిక మా ఇద్దరికీ లేదు.

ఆ తర్వాత జ్వరం దిగే పూటలు తగ్గిపోయాయి. మందు మార్చారు, మళ్లీ మార్చారు. డాక్టరు మాతో మాట్లాడేటప్పుడు ఇంతకుముందు నిలబడేవాడు, ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంటున్నాడు. చూద్దాం అంటున్నాడు. అక్క ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉంటోంది. మాట చిన్నదైపోయింది. ఈ మధ్య ఆమె నిజంగానే గుసగుసలాడుతోంది.

బావ సీసాను శుభ్రమైన తువ్వాలులో చుట్టుకుని తెచ్చాడు. నర్సుకు చూపించాడు. ఎంతసేపు ఉడికించాడో చెప్పాడు, నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు, చెప్పాను. ఆవిడ పెట్టమన్నది. ఆయన మూత తీసి, చెంచా మొనతో కాస్త తీసి, మంచం మీదకు వంగాడు.

అక్క కళ్లు తెరిచి చెంచాను చూసింది. ఆ నల్లటి రంగును చూసింది. తర్వాత నన్ను చూసింది. తారు అంటుందేమోనని భయమేసింది. అంటే బాగుండునని కూడా అనిపించింది. తారు అంటే మా అక్క ఇంకా ఉన్నట్టే కదా.

ఆమె నోరు తెరిచింది. జామ్‌ను నాలుక మీద పెట్టుకుని, పోటీల్లో తీర్పు చెప్పేవాళ్లలా కళ్లు మూసుకుంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

"బావుంది మెర్ల్."

"నిజంగానా? ఊరికే అంటున్నావా?"

అక్క కొంచెం ఆలోచించినట్టు చేసింది. ఆయన నమ్మాలంటే ఏదో ఒక వంక పెట్టాలని ఆమెకు తెలుసు. నలభై ఏళ్లుగా ఆమె వంక పెట్టకుండా ఏదీ మెచ్చుకోలేదు.

"తీపి కాస్త ఎక్కువైంది. వచ్చేసారి పంచదార తగ్గించు."

ఒక్క చెంచా తగ్గినా ఒప్పుకోని మనిషి. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను.

"ఎంత తగ్గించను?" అన్నాడు బావ, చాలా శ్రద్ధగా.

అక్క నా వైపు తల తిప్పింది. ఎండిన పెదాల చివర, నాకు మాత్రమే కనిపించేటంత చిన్న నవ్వు.

"సగం గిన్నె," అన్నది.

బావ మర్చిపోకుండా ఉండటానికి ఆ మాట పైకి రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత చెంచాలో ఇంకొంచెం తీశాడు. అక్క నోరు తెరిచింది.